ఏడో నంబరు స్థలంలో ఎవరిదో ఇల్లు

ఆ ఆదివారం ఉదయం నేను బండికి తగిలించుకుని తీసుకెళ్ళినవి: పసుపు పెయింటు డబ్బా, బ్రష్షు, టేపు, కొడవలి, నీళ్ళ సీసా. నా స్థలానికి నాలుగు మూలలా ఉన్న రాళ్ళకు మళ్ళీ రంగు వేయాలి, మొలిచిన సీమతుమ్మ కొట్టేయాలి, రెండు ఫోటోలు తీసుకుని మధ్యాహ్నం భోజనానికి తిరుత్తణి చేరుకోవాలి. తిరువళ్ళూరు రోడ్డు వదిలి, చెరువు కట్ట పక్కన మట్టిదారి పట్టి, వేపచెట్టు దాటాక బండి ఆపాను. హెల్మెట్ తీయకుండా అలాగే కూర్చుండిపోయాను.

నా స్థలంలో ఇల్లు ఉంది.

పునాది మాత్రమే కాదు. గోడలు కిటికీల పైదాకా లేచాయి. లింటెల్ కాంక్రీటుకు చెక్కలు కొడుతున్నారు. ముందు వైపు ద్వారబంధం నిలబెట్టి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టారు. ఆకులు ఎండి గలగలమంటున్నాయి. నేను సైటు ఇంజనీరుని. ఒక గోడను చూసి అది ఎన్నాళ్ళ పనో చెప్పడం నా ఉద్యోగంలో భాగం. చూడగానే లెక్క దానంతటదే నడిచింది: మట్టిపని, పునాది, బేస్‌మెంటు, ఇటుక పని, మధ్యలో వానకు ఆగిన రోజులు. కనీసం రెండు నెలలు. ఆ రెండు నెలలూ నేను కవరైపేట్టై దగ్గర ఒక ఫ్యాక్టరీ షెడ్డుకు కాలమ్స్ పోయిస్తూ, టీ తాగేటప్పుడల్లా తోటివాళ్ళకు నా స్థలం గురించి చెబుతూ ఉన్నాను.

దారి తప్పానేమో అనుకున్నాను. ఫోనులో మ్యాపు తెరిచాను. నీలం చుక్క నేరుగా ఆ ఇంటి మధ్య గదిలో నిలబడింది.

మాది తిరుత్తణి బజారులో ఇనుప సామాన్ల అంగడి. తాత కాలం నుంచీ అద్దె అంగడి, అద్దె ఇల్లు. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళకు మేకులు, గడియలు, గొళ్ళాలు అమ్మిన కుటుంబమే కానీ మా పేరు మీద అడుగు నేల లేదు. నాన్న దానికి బాధపడగా నేను చూడలేదు. సరుకు తిరుగుతున్నంత కాలం డబ్బు బతికి ఉంటుందని, నేలలో పెడితే మన మాట వినదని ఆయన నమ్మకం.

ఉద్యోగంలో చేరాక నా నమ్మకం వేరే దారి పట్టింది. మేము ఎక్కడ షెడ్డుకు పునాది తవ్వితే, ఆ పక్క పొలాల్లో కొన్నాళ్ళకే రంగు జెండాలు లేచేవి. తెల్లరాళ్ళు, ఒక ఆర్చి, ఆదివారం వ్యానులో జనం. మా సీనియరు ఒకాయన కాంక్రీటు మీద కాలు పెట్టి నాతో అన్నాడు: మనం కట్టేది కట్టిన రోజు నుంచే పాతబడుతుంది, దాని కింద ఉన్నది మాత్రం పాతబడదు, మొదటి జీతాలు దాని మీద పెట్టు. నేను సెల్‌ఫోను మార్చడం మానేశాను. స్థలాలు చూడడం మొదలుపెట్టాను.

చూడడం అంటే ఊరికే చూడలేదు. ఒక వరుస పెట్టుకున్నాను. మోకాలి లోతు గుంట తవ్వి మట్టి చూడాలి. పెద్ద వాన కురిసిన మర్నాడు వెళ్ళి నీళ్ళు నిలుస్తాయో లేదో చూడాలి. లేఅవుటుకు అనుమతి ఉండాలి. పట్టా, పాత దస్తావేజులు, స్థలం మీద అప్పులూ తగాదాలూ లేవని చూపే విల్లంగ సర్టిఫికెట్టు, అన్నీ లాయరు దగ్గర చదివించాలి. తాలూకా ఆఫీసు సర్వే పటం తెచ్చి నేల మీద టేపుతో సరిచూడాలి. వీలైతే మూల స్థలం, రెండు వైపులా రోడ్డు ఉన్నది. ఏడో నంబరు ఇన్నింటికీ నిలబడింది. వరుసలో చివరిది, పక్కన ముప్ఫై అడుగుల రోడ్డు. రిజిస్ట్రేషను రోజు నాన్న సాక్షి సంతకం పెట్టాడు కానీ స్థలం చూడడానికి రాలేదు. అంగడి ఎవరు చూస్తారన్నాడు.

బండి దిగి గోడ దగ్గరికి వెళ్ళాను. ఒకామె రబ్బరు గొట్టంతో గోడలు తడుపుతోంది. మా అక్క వయసు ఉంటుంది. మేస్త్రీ పరంజా మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఇది ఎవరి స్థలం, ఎవరు కట్టమన్నారు అని తమిళంలో అడిగాను. ఇది ఆరో నంబరు, ఈ అమ్మ వాళ్ళది అని మేస్త్రీ తమిళంలోనే చెప్పాడు. "నా కొంప మునిగింది" అని తెలుగులో గొణుక్కున్నాను.

ఆమె గొట్టం కింద పెట్టింది. "తెలుగోళ్ళా మీరు?"

"అవునక్కా."

"యాడ?"

"తిరుత్తణి. బజార్లో ఇనుప అంగడి."

"అయ్యో, ఆ అంగట్లోనే కదప్పా ఈ వాకిలికి మడతబందులు కొనింది. అయ్య దగ్గరుండి ఏరి ఇచ్చినాడు."

నా స్థలంలో ఎవరో కట్టిన ఇంటికి, తలుపు బిగించడానికి ఇత్తడి బందులు మా నాన్న ఏరి ఇచ్చాడు. ఇటుకల కుప్ప మీద కూర్చున్నాను. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగి, ఇది ఆరు కాదక్కా, ఏడు, నాది అని చెప్పాను. ఆమె మేస్త్రీ వైపు చూసింది.

మేస్త్రీ తమిళుడే అయినా ఈ పక్క వాళ్ళందరిలాగే మా తెలుగు అర్థం చేసుకుని తన తెలుగులో జవాబు చెప్పగలడు. "ఏడు అదో, అది సార్," అని పక్కనున్న తుమ్మ పొద వైపు బీడీతో చూపించాడు.

"అది రోడ్డు మేస్త్రీ."

"మ్యాపులో రోడ్డుగా ఉంటుంది సార్. నేల మింద యాడుంది చూపించు, నేనూ నడిచిపోతా."

చూపించలేకపోయాను. లేఅవుటు వేసినప్పుడు పరిచిన ఎర్రమట్టి మీద తుమ్మ ఒత్తుగా కమ్ముకుంది. అతని లెక్క ప్రకారం నేను కష్టపడి కొన్నది ఊరందరి రోడ్డు.

"నంబరు రాళ్ళు ఏమైనాయి?"

"రాళ్ళెవుడు చూసినాడు సార్? మేమొచ్చేసరికి ఒకటీ లేదు. ఆ వేపచెట్టు కాడ సర్వే రాయి ఉండాది చూడు, ఆడ్నించి టేపు పట్టి వరసగా కొలిచినా. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఇది ఆరు. రాయికేమన్నా కాళ్ళుండాయా, నడిచొచ్చేకి?"

కూలీలు పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద అన్నం వండుతున్నారు. ఒక రాయి మీద, మసి కింద, ఏదో పసుపు గీత కనిపించింది. వంగి చూశాను. ఏడు అంకె. మధ్యలో అడ్డగీతతో. ఏడుకు అడ్డగీత పెట్టడం నాకు కాలేజీ డ్రాయింగు క్లాసు నుంచి అలవాటు. అది నేను నా చేత్తో వేసిన అంకె, నా స్థలం మూలరాయి. దాని మీద వాళ్ళ అన్నం ఉడుకుతోంది. కోపం రావాల్సిన చోట నాకు కోపం కూడా రాలేదు.

వేపచెట్టు దగ్గరికి నడిచాను. ఆమె కూడా వెనకే వచ్చింది. సర్వే రాయి నాకు బాగా గుర్తు. లేఅవుటు మొదట్లో, రోడ్డు మలుపులో, ఎండలో ఒంటరిగా ఉండేది. తల మీద బాణం గుర్తు చెక్కి ఉంటుంది. స్థలం కొనకముందు నేను టేపు సున్నా పెట్టింది దాని మీదే. ఇప్పుడది చెట్టు కింద ఉంది. ఒంటి నిండా పసుపు, నిలువు కుంకుమ బొట్లు, మెడలో వేపాకుల దండ, ముందు కోసిన నిమ్మకాయ, చుట్టూ ఎర్ర గుడ్డ. నేను మునివేళ్ళతో తల మీద పసుపు కొంచెం పక్కకు తోశాను. కింద బాణం గుర్తు ఉంది.

"ఎవురప్పా అది, అమ్మ నెత్తి గోకేది?"

మేకలు మేపుకుంటున్న ఒక అవ్వ. పక్క పల్లె ఆమె. చేయి వెనక్కి తీసుకుని, ఈ రాయి ఇక్కడ ఎప్పటి నుంచి ఉంది అవ్వా అని అడిగాను.

"ఈడ యాడుండె. ఆ మలుపులో ఉండె. పంచాయతీ మిషను దారి గీక్కుంటా పోయి దీన్ని పడదోసింది. ఎల్లరాయి అట్ల పండుకోనుంటే ఊరికి మంచిదా? దూడలు రెండు సచ్చిపాయె. నలుగురు ఆడోళ్ళం మోసుకోనొచ్చి నీడలో నిలబెట్టినాము. ఆడి నెలలో అంబలి కూడా పోసినాము."

"ఎంత దూరం తెచ్చినారు?"

"ఎంత దూరమని కొలిచేది, చెట్టు యాడుంటే ఆడికి."

చెట్టు ఉన్నది పాత చోటుకు సరిగ్గా ఒక స్థలం వెడల్పు దూరంలో. పల్లె వాళ్ళు ఊరి ఎల్లను కాచే రాయిని మొక్కుతారని నాకు తెలుసు. మా ఇంట్లోనూ గడపకు మొక్కుతాం. కానీ మొక్కేటందుకు దాన్ని ఎండలోంచి నీడకు మారుస్తారని నేను ఊహించలేదు. నా పనిలో కొలత రాయి కదిలితే మొత్తం పని కదిలినట్టే. అవ్వ మాట విన్నాక పక్కనున్న ఆమె ముఖంలో నెమ్మదిగా ఏదో దిగిపోయింది. ఆమెకు లెక్క చెప్పనక్కర లేకపోయింది.

"అట్లయితే," అంది, "మేము నీ నేలలో ఉండామా తమ్ముడా?"

అంతసేపూ మీరు అన్న మనిషి తమ్ముడా అంది. నేను బండెక్కాను.

వాళ్ళ సంగతి తర్వాత తెలిసింది. వాళ్ళది వెంగల్ దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. అత్తింట్లో భాగాలు పంచుకున్నప్పుడు వీళ్ళ వాటా అమ్మి ఈ స్థలం కొన్నారు. భర్త కాట్టుపల్లి ఓడరేవులో కాంట్రాక్టు పని. వారానికి ఒకసారి వస్తాడు. ఇంటి పని మొత్తం ఆమే చూసుకుంటోంది. నేను స్థలం చూసి వచ్చిన సాయంత్రమే ఆయన నాకు ఫోను చేశాడు. "రాయి నడిచిందంట, నా ఇల్లు నీదంట. ఇట్లాంటి కతలు చెప్పేవాళ్ళను రేవులో శానామందిని చూసినా. సర్కారు సర్వేయరును పిలుచుకో, అప్పుడు మాట్లాడదాం," అని పెట్టేశాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే అందును.

అంగడికి వెళ్ళి నాన్నకు చెప్పాను. ఏం చేయొచ్చో కూడా వరుసగా చెప్పాను. మొదట పోలీసు ఫిర్యాదు, ఆపైన కోర్టులో పని ఆపించే ఉత్తర్వు, సర్వే రిపోర్టు, చివరికి కట్టడం తొలగింపు. దస్తావేజులన్నీ నా వైపు ఉన్నాయి, గెలుస్తాం అన్నాను. నాన్న ఒకాయనకు చీలలు తూచి ఇచ్చి, చేతులు దులుపుకున్నాడు.

"గెలిస్తే?"

"నా స్థలం నాకు వస్తుంది."

"ఇల్లు?"

"వాళ్ళే కూల్చుకోవాలి."

"ఆ పాప నాకు గుర్తుండాది. బందులు బేరం ఆడలేదు. ఇత్తడివి ఇయ్యి నాయనా, వాకిలి ఒక్కసారే కదా పెట్టేది అనింది. నేను నూనె కూడా రాసిచ్చినా." తక్కెడ పక్కకు జరిపి, "సర్వేయరు వచ్చే రోజు చెప్పు. నేనూ వస్తా," అన్నాడు.

సెలవు రోజుల్లో తప్ప నాన్న అంగడి మూయగా నేను చూడలేదు.

సర్వేయరు వచ్చిన రోజు నాన్న షట్టరు దించి నా బండి వెనక కూర్చున్నాడు. ఓడరేవు నుంచి ఆమె భర్తా వచ్చాడు. నాకు బావ వరస అవుతాడని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. చెరువు కట్ట కింద పాత సర్వే రాళ్ళు రెండు ఉన్నాయి. వాటిని ఎవరూ మొక్కలేదు, కాబట్టి అవి కదల్లేదు. పటంలో రాసిన దూరాలతో రెండు రాళ్ళ నుంచీ టేపులు పట్టాం. రెండు కొలతలూ కలిసిన చోట సర్వేయరు మేకు దిగ్గొట్టాడు. చెట్టుకు దూరంగా, ఎండలో, మలుపు దగ్గర. మేస్త్రీ అక్కడ గడ్డపారతో నాలుగు దెబ్బలు వేశాడు. మట్టి కింద కాంక్రీటు ముద్ద తగిలింది. దాని మధ్యలో రాయి కూర్చున్న నలుచదరపు గుంట ఉంది.

అందరం దాని చుట్టూ నిలబడి లోపలికి చూశాం. మేస్త్రీ బీడీ పారేశాడు.

"కాళ్ళుండాయి సార్ రాయికి," అన్నాడు.

రాయి ఎంత దూరం జరిగిందో రాయడానికి చెట్టు కింది రాయి దాకా టేపు పట్టాలి. సర్వేయరు అక్కడిదాకా వెళ్ళి, చెప్పులు విడిచి, రెండు లెంపలూ వేసుకుని, ఆ తర్వాత టేపు కొనను పసుపు తల మీద పెట్టాడు. ప్రభుత్వ కొలతకు ఒక మనిషి చెప్పులు విడవడం నేను చూడడం అదే మొదటిసారి. నన్ను ఇవతలి కొన పట్టుకోమన్నాడు. నా కాళ్ళు నా ప్రమేయం లేకుండానే సేఫ్టీ బూట్లు విప్పేశాయి.

కొలతలు తేలాయి. ఇల్లు పూర్తిగా ఏడో నంబరులో ఉంది. పక్కన ఆరో నంబరు, వాళ్ళు నిజంగా కొన్నది, ఖాళీగా ఉంది. నాకు అనుకూలంగా అంతా రుజువైంది. మనసు మాత్రం ఆ మాట పట్టించుకోలేదు.

భర్త గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. ఆమె ద్వారబంధం కింది గడప మీద కూర్చుంది. ఎవరినీ తిట్టలేదు. "కూలగొట్టేదయితే మేస్త్రీ, మొదట ఈ వాకిలి ఊడదీసి పక్కన పెట్టు. పూజ చేసిండాము," అంది.

నాన్న ఆ మాట విని చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆరో నంబరులోకి నడిచి, మట్టిని కాలితో తొక్కి చూశాడు.

"ఇదెవురిది?"

"వాళ్ళది నాన్నా. ఆరు."

"బాగానే ఉండాది కదా. ఇది మనం తీసుకోని, అది వాళ్ళకిస్తే పోలా?"

"అది మూల స్థలం. రెండు రోడ్లు. రేపు అమ్మితే..."

"మూలంగడి విలువ నాకు చెప్తావా? అద్దె కట్టలేకనే కదా ముప్ఫై ఏండ్లు నడివీధిలో కూర్చోనుండేది." ఆయన ఆమె వైపు తిరిగాడు. "మూలకు ధర జాస్తి పాపా. ఆ తేడా నీకు చేతనైనట్ల మావాడికి ఇచ్చుకో. ఊరికే ఇచ్చినాడని రేపు ఎవురూ నిన్ను అనకూడదు."

ఆమె భర్త అప్పుడు తలెత్తాడు. "ఇస్తాము. రాసిస్తాము."

అందరూ నా వైపు చూశారు. స్థలం నా పేరు మీద ఉంది, మాట నాదే. నేను పెట్టుకున్న వరుస మనసులో ఒకటొకటిగా వచ్చింది: మట్టి, వాన, అనుమతి, పట్టా, మూల. ఆఖరిది తప్ప అన్నీ ఆరో నంబరుకూ ఉన్నాయి. ఆఖరిది చిన్నది కాదు. మొదటి కొనుగోలులోనే తప్పటడుగు వేస్తున్నానని మా సీనియరు అంటాడు. ఆమె గడప మీద నుంచి లేవలేదు, నన్ను చూడనూ లేదు. వాకిలి చెక్కకు అంటిన సిమెంటు మరకను గోటితో గీకుతోంది. రేపు ఊడదీయాల్సిన చెక్కను ఇవాళ శుభ్రం చేస్తోంది.

"మార్చుకుందాం అక్కా," అన్నాను.

మేస్త్రీ వెంటనే పరంజా ఎక్కేశాడు, ఎవరైనా మనసు మార్చుకుంటారేమో అన్నట్టు.

రిజిస్ట్రారు ఆఫీసులో రెండు స్థలాలకూ మార్పిడి పత్రం రాయించాం. అది కుదిరే పనే అని, అంత మామూలుగా జరిగిపోతుందని నాకు ముందు తెలియదు. సర్వేయరు మలుపులో కొత్త రాయి పాతించాడు, ఈసారి నేనే దగ్గరుండి కాంక్రీటు పోయించాను. మూల స్థలం పోయిన సంగతి ఇప్పటికీ నాకు గొంతు దిగలేదు. ఆ దారిలో స్థలాల ధర ఎవరైనా చెబితే తేడా లెక్క వేయకుండా ఉండలేను.

గృహప్రవేశానికి నాన్నా నేనూ వెళ్ళాం. ఆయన ఇంటికి తాళం కప్ప పట్టుకొచ్చాడు, నేను ఎప్పటిలాగే పెయింటు డబ్బా, బ్రష్షు తెచ్చుకున్నాను. ఆరో నంబరు రాళ్ళకు రంగు వేసుకుంటే పని అయిపోతుందని. మలుపులో బండి ఆపాను. నేను పాతించిన కొత్త సర్వే రాయి నిండా పసుపు ఉంది. మూడు కుంకుమ బొట్లు, పైన చామంతి పువ్వు.

చెట్టు కింద పాతది ఎప్పటిలాగే ఉంది. ఇప్పుడు అమ్మలు ఇద్దరయ్యారు.

లోపల వడ్డనలో ఉన్న ఆమె దగ్గరికి నేరుగా వెళ్ళాను. "అక్కా, మళ్ళీ ఆ అవ్వ వాళ్ళు మొదలుపెట్టినారు. ఇంకో వానకు దాన్ని కూడా మోసుకుపోతారు."

"అవ్వ కాదు తమ్ముడా, నేనే పూసినా."

"నువ్వా?"

"సర్కారు రాయి అయితే మిషనోడు పడదోస్తాడు, కూలోళ్ళు పొయ్యికి తీసుకుంటారు. ఇప్పుడు ముట్టమను చూస్తాం. అవ్వ కాడ మాట కూడా తీసుకున్నా. ఆ అమ్మ ఎండలోనే ఉంటుంది, నీడకు రాదు అని చెప్పినా."

నేను ఆకు ముందు కూర్చోకుండా పక్కనున్న ఆరో నంబరులోకి నడిచాను. తుమ్మ ఎవరో కొట్టేసి ఉన్నారు. నాలుగు మూలలా నాలుగు నంబరు రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. నాలుగింటికీ పసుపు పూసి ఉంది. ఒక రాయికి వెనక వైపు మసి ఇంకా పూర్తిగా పోలేదు, దాని మీద అడ్డగీత ఉన్న ఏడు లీలగా కనిపిస్తోంది.

పెయింటు డబ్బా చేతిలోనే ఉంది. మూత తీయలేదు. వాకిట్లోంచి నాన్న, ఆకు ఆరిపోతోంది రారా అని పిలుస్తున్నాడు. ఆ రాళ్ళ మధ్య నుంచి బయటికి రావడానికి నేను బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాను.